అమ్మలూ, కోట ఫొటోలు చూశాను

అమ్మలూ,

మేమిద్దరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలికి నూనె రాస్తున్నాను, అయినా డాబా ఎక్కడం మానదు. నువ్వు ఫోను ఎత్తడం లేదు. పనిలో ఉంటావులే.

టవర్ ఆఫ్ లండన్ ఫొటోలు మళ్లీ చూశాను. అమ్మకి కోహినూరు ధ్యాసే, మన కొల్లూరు గనిలోదంటారు కదా అని. నాకు గోడలు నచ్చాయి. 1070ల్లో ఇంగ్లండ్ రాజు విలియం మొదలుపెట్టింది లండన్ వాళ్లని భయపెట్టడానికి. 1240లో మూడో హెన్రీ దానికి సున్నం కొట్టించాడు. నీ వెనకాల కనిపించే పెద్ద కిటికీలు ఎప్పుడో తర్వాత పెట్టినవి, మొదట సన్నటి సందులే. కందకంలో నీళ్లు 1843లో తీసేశారు. రాజులున్న చోటే టంకశాల నడిపారు, జైలూ నడిపారు. రాణి ఆన్ బొలీన్ 1533లో పట్టాభిషేకానికి ముందు దిగిందీ అక్కడే, 1536లో ఆమె తల నరికిందీ అక్కడే.

శాంతత్త వాళ్ల పెద్దాడు ఏదో అన్నాడట, నువ్వు ఆ కంపెనీలో లేవని. నేను నమ్మలేదు.

అక్కడ జంతువుల్ని కూడా పెంచారు, తెలుసా? 1252లో మూడో హెన్రీకి నార్వే రాజు తెల్ల ఎలుగుబంటిని పంపాడు. దాని తిండికి రోజుకు నాలుగు పెన్నీలు ఇవ్వమని నగర అధికారులకు హుకుం. వాళ్లు ఎంత గొణుక్కున్నారో! తర్వాత మూతికి చిక్కం, ఇనుప గొలుసు, పొడవాటి తాడు కూడా వాళ్లే కొనాలన్నారు. ఆ తాడు కట్టి థేమ్స్‌లోకి వదిలితే చేపలు పట్టుకుని తినేది. మూడేళ్లకు ఫ్రాన్స్ రాజు ఏనుగునే పంపాడు. పాపం, అది రెండేళ్లే బతికింది. 1835లో ఆ జంతుశాల మూసేశారు. ఎలుగుబంటి తిండికే అంత లెక్క రాశారు, నువ్వు రాత్రిపూట ఏం తింటున్నావో నాకు తెలీదు. బ్రెడ్డు తిండి కాదు.

ఉద్యోగం పోతే వీసాకి 60 రోజులే గడువు ఇస్తారట. ఊరికే చదివాను. నిజంగా మానేసి ఉంటే మానేశావు, కోటే ఇన్ని పనులు మారింది. కానీ ఎవరు ఏం చెప్పినా కాగితం మీద రాయించుకో. చేతిలో ఆర్నెల్ల ఖర్చు ఉంచుకో. లేకపోతే అడుగు, మొహమాటపడకు. మీ బాబాయికి చెప్పను.

మాగాయ, కందిపొడి పార్శిల్ కట్టి ఉంచాం. పాత అడ్రసుకే పంపమంటావా, మారావా?

నాన్న