సాకెట్ మూత తీసి చూడు

చి. అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. ఆటలు ఆడుకోడానికి సొంతంగా కంప్యూటర్ కట్టుకుంటానని నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు మదర్‌బోర్డుల ఫొటోలు, బీ650దీ ఎక్స్870దీ, రాత్రి షాపు మూశాక పెద్దవి చేసుకుని చూశాను. ఫోన్లో చెబితే సగం నీ చెవిన పడదు, సగం నేను మర్చిపోతాను. అందుకే రాసి పంపుతున్నాను.

ప్రాసెసర్ రైజెన్ 5 9600ఎక్స్ అనుకున్నావు కాబట్టి సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు, ఏఎం5 తప్ప వేరే దారి లేదు. అది మంచి దారే తల్లీ. దీని ముందు వచ్చిన ఏఎం4నే చూడు. 2017లో బీ350 బోర్డు కొన్నవాళ్లు చాలామంది 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ని కూడా అదే బోర్డులో పెట్టుకున్నారు, బోర్డుని మేల్కొలిపే ప్రోగ్రాం బయోస్ ఒక్కటి అప్‌డేట్ చేసుకుని. ఏఎం5ని కూడా 2027 దాటేదాకా నడుపుతామని ఈ ప్రాసెసర్లు చేసే ఏఎండీ వాళ్లు చెప్పారు. రేపు జీతం పెరిగాక ప్రాసెసర్ మారుస్తావు, గ్రాఫిక్స్ కార్డు మారుస్తావు. బోర్డు మాత్రం ఇదే ఉంటుంది.

నీ మనసంతా ఆ ఎక్స్870 మీదే ఉందని నాకు తెలుస్తూనే ఉంది. చూడ్డానికి బాగుంది, కాదనను. కానీ దానికీ బీ650కీ 14 వేలు తేడా. యూఎస్‌బీ4 పోర్టు ఉందని రాశావు. అందులో పెట్టే వస్తువు నీ గదిలో ఒక్కటైనా ఉందా? ఆటలో ఫ్రేములు పెంచేది గ్రాఫిక్స్ కార్డు. ఆ 14 వేలు అటు పెడితే ఒక మెట్టు పై కార్డు వస్తుంది.

అలాగని అన్నిటికన్నా చవకది తీసుకోమని అనడం లేదు. ఇక్కడే నువ్వు నా మాట వినాలి. పవర్ సప్లై నుంచి బోర్డుకి వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కి కావాల్సింది సుమారు 1.2. ఆ తగ్గించే పని చేసే భాగమే వీఆర్‌ఎం, సాకెట్‌ని ఆనుకుని ఉంటుంది. నీ ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 88 వాట్లు లాగుతుంది. 88ని 1.2తో భాగించి చూడు, 70 ఆంపియర్లు దాటుతుంది. మీ అమ్మ పచ్చడి రుబ్బే 750 వాట్ల మిక్సీ ఇంటి 230 వోల్టుల మీద తీసుకునేది మూడు ఆంపియర్ల పైచిలుకు, అంతే. అరచేయంత చోటులో అంత కరెంటు నడుస్తుంటే వేడెక్కకుండా ఎలా ఉంటుంది? మరీ వేడెక్కితే బోర్డు ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. ఆట మధ్యలో ఎందుకు తడబడుతోందో నీకు అర్థం కాదు.

2009 ఎండాకాలం నీకు గుర్తుందో లేదో. పెళ్లి కార్డులు డీటీపీ చేసే ఒకాయన కంప్యూటర్ తెచ్చాడు. ఆన్ అవుతుంది, పది నిమిషాలకు ఆగిపోతుంది. నీకప్పుడు ఆరేళ్లు. బల్ల మీద కూర్చుని నాకు టార్చ్ పట్టుకునేదానివి. "నాన్నా, ఇవి పొంగాయి" అని ముందు చూసింది నువ్వే. ప్రాసెసర్ పక్కన వరసగా ఆరు కెపాసిటర్లు, కరెంటుని నిలకడగా ఉంచే చిన్న డబ్బాలు, పూరీల్లా ఉబ్బి ఉన్నాయి, రెండిటి మీద గోధుమరంగు చెక్కు కట్టింది. ఆ రోజుల్లో చాలా బోర్డులకి అదే జబ్బు. ఆరూ మార్చాను. అయితే చేతికి దొరికిన చవక సరుకు వేశాను. నెల తిరక్కుండా మళ్లీ పొంగాయి, సరిగ్గా ముహూర్తాల రోజుల్లో. ఆయన గిరాకీ అంతా పోయింది. నాకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు. ఇప్పుడు సాలిడ్ కెపాసిటర్లు వస్తున్నాయి, అవి అలా పొంగవు. అయినా కరెంటు నడిచే చోట నీ బోర్డులో నాసిరకం ఉండకూడదని నా పట్టుదల.

నువ్వు పంపిన బీ650లో సాకెట్‌కి పైనా పక్కనా రెండు చోట్లా వేడి లాగేసే మందపాటి హీట్‌సింకులు ఉన్నాయి. వైఫై ఉంది, ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లు రెండున్నాయి. నాకు నచ్చింది. ఒక్కటి మాత్రం కనుక్కో. బీ650 వచ్చింది 2022లో, నీ ప్రాసెసర్ వచ్చింది 2024లో. షాపులో పాత స్టాకు ఉంటే, అందులోని పాత బయోస్ వల్ల ఆ బోర్డు ఈ ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. వెనక వైపు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో అడుగు. అది ఉంటే ప్రాసెసర్ పెట్టకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయొచ్చు.

ర్యామ్ 16 జీబీవి రెండు తీసుకో. ఈ బోర్డుకి పట్టే డీడీఆర్5 రకం ర్యామ్‌లో నాలుగు పెడితే వేగం పడిపోతుంది. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్లో ఒకటి, నాలుగో దాంట్లో ఒకటి పెట్టాలి. తర్వాత బయోస్‌లో ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే ఎక్స్‌పో ఆన్ చేయాలి. లేకపోతే 6000 వేగం ర్యామ్ కొని 4800 దగ్గరే వాడుకుంటావు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. అది ర్యామ్‌ని సరిచూసుకునే టైము. టెన్షన్ పడి స్విచ్ కట్టేయకు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే కదా వెళ్తావు. డబ్బులు కట్టే ముందు బోర్డు అట్టపెట్టె అక్కడే విప్పించు. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, బోర్డు సాకెట్లోనే ఉంటాయి. 1718 పిన్నులు, వెంట్రుకల్లాంటివి, అన్నీ ఒకే వైపు వాలి వరిమడిలా కనిపిస్తాయి. సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీయించి, ఫోన్ లైటు ఏటవాలుగా వేసి చూడు. మెరుపు ఎక్కడైనా తేడాగా ఉంటే అక్కడ పిన్ను వంగినట్టు. ఫొటో తీసి పెట్టుకో. ఇంటికొచ్చాక వంగి ఉందంటే వారంటీ ఇవ్వరు. మళ్లీ మూత పెట్టించి తీసుకురా, పారేయకు. లోపల వేలు తగలనివ్వకు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. స్క్రూడ్రైవర్ సెట్టు, థర్మల్ పేస్టు తెస్తాను. అమ్మ గోంగూర పచ్చడి పంపుతోంది. ప్రాసెసర్ నువ్వే పెట్టు. ఈసారి టార్చ్ నేను పట్టుకుంటాను.

మీ నాన్న
ఖమ్మం