తాత వేషం వేస్తే తక్కువవుతారా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న టీవీలో ‘సీతారామయ్యగారి మనవరాలు’ మళ్ళీ చూశాను. 1991లో ఆ సినిమా వచ్చేనాటికి అక్కినేనికి 66 ఏళ్ళు. హాయిగా మీనాకు తాతగా నటించారు, జనం నెత్తిన పెట్టుకున్నారు.

మన అలవాటు మాత్రం వేరు. 1972లో ‘బడిపంతులు’లో ఎన్టీఆర్‌కు మనవరాలైన శ్రీదేవి, 1979లో ‘వేటగాడు’లో ఆయన సరసన నాయిక. అప్పటికి ఆయనకు 56, ఆమెకు పదహారైనా నిండలేదు! ఆ రోజుల్లో మేమూ ఈలలు వేశాం, కాదనను.

ఇప్పుడు విగ్గుకు గ్రాఫిక్స్ తోడైంది. ఫ్లాష్‌బ్యాక్ రాగానే హీరోగారి చెంపలు మైనం ముద్దలా నునుపెక్కుతాయి. పాటలో కాలు కదపాల్సి వస్తే కెమెరా దూరం జరుగుతుంది, చుట్టూ డాన్సర్లు కమ్ముకుంటారు. ఆయనతో ఒకప్పుడు ఆడిపాడిన నాయిక ఈపాటికి ఎవరికో అమ్మ, లేదంటే అత్త. ఆమెకు వచ్చిన వయసు ఆయనకెందుకు రాదో!

మా ఇంట్లో 64 ఏళ్ళ మనిషి ఒకరున్నారు. మెట్టుమెట్టుకూ ఆగి మోకాలు పట్టుకుంటారు, అయినా బ్యాంకువాళ్ళతో పోట్లాటలో ఆయనదే గెలుపు. అలాంటి హీరో కథ ఎవరైనా తీస్తే మొదటి ఆటకే వెళ్తాను.

– ఒక పాఠకురాలు, తెనాలి