కనపడని పనికి కొలతలు రాయించండి

సంపాదకులకు,

తీర పట్టణాల్లో కరెంటు కేబుళ్లు, ఇంటర్నెట్ కేబుళ్లు, గ్యాస్, మంచినీటి పైపులు ఇప్పుడు చాలాచోట్ల రోడ్డు తవ్వకుండానే వేస్తున్నారు. ఈ చివర ఒక గుంత, ఆ చివర ఒక గుంత తీసి, మధ్యలో మిషన్‌తో భూమిలో అడ్డంగా బోరు వేసి పైపు లాగేస్తారు. హెచ్‌డీడీ (హారిజాంటల్ డైరెక్షనల్ డ్రిల్లింగ్) అంటారు దీన్ని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకి కరెంటు స్తంభాలు పెద్దఎత్తున కూలిపోయాక, ప్రపంచ బ్యాంకు సాయంతో ఆ నగరంలో భూగర్భ కేబుళ్ల పని చేపట్టారు. తుపాన్ల దారిలో ఉన్న ఊళ్లకు ఇది అవసరమైన పనే. పద్ధతి మీద మాకు అభ్యంతరం లేదు. రోడ్డు చెక్కుచెదరలేదు కదా అని లోపల ఏం జరిగిందో అడగకుండా, టేపుతో మీటర్లు కొలిచి బిల్లు చేసేయడం మీదే అభ్యంతరం. తీరంలో ఆ నిర్లక్ష్యం ఖరీదు మరీ ఎక్కువ. ఇక్కడ భూమిలో ఉన్నది ఉప్పునీరు. పనిలో ప్రతి దశనూ అది మార్చేస్తుంది.

పని మూడు దశల్లో సాగుతుంది. ముందు సన్నటి పైలట్ బోరు. తర్వాత రీమర్ తిప్పుతూ దాన్ని వెడల్పు చేస్తారు. చివరగా రీమర్ వెనక పైపు తగిలించి వెనక్కి లాగుతారు. 600 మి.మీ. లోపు పైపులకు బోరు వ్యాసం పైపు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉండటం వాడుక. చిన్న పైపుల్లో 100 మి.మీ. అదనంగా ఇస్తే చాలు. ఈ మూడు దశల్లోనూ బోరు కూలకుండా నిలబెట్టేది, తవ్విన మట్టిని బయటికి మోసుకొచ్చేది బెంటోనైట్ (నీటిలో ఉబ్బే బంకమట్టి పొడి) కలిపిన నీళ్లే. సైట్‌లో దాన్ని మడ్ అంటారు. మడ్ చెడితే మిషన్ ఎంత పెద్దదైనా లాభం లేదు.

తీరంలో తప్పు మొదలయ్యేది ఇక్కడే. సముద్రానికి దగ్గరలో బోరుబావి నీళ్లు ఉప్పగా ఉంటాయి. దూరం నుంచి ట్యాంకర్ తెప్పిస్తే ఖర్చని, పక్కనున్న బోరు నీళ్లతోనో గుంతలో ఊరిన నీళ్లతోనో బెంటోనైట్ కలిపేస్తారు. ఉప్పునీటిలో బెంటోనైట్ ఉబ్బదు. ఉబ్బకపోతే బోరు గోడకు పొర పట్టదు. పొర పట్టకపోతే మడ్ ఇసుకలోకి ఇంకిపోతుంది, ఇసుక బోరులోకి జారిపోతుంది. ఇది పసిగట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు. సైట్‌లో వాడే నీళ్లు లీటరు గాజు సీసాలో పోసి, అదే బస్తాలోని బెంటోనైట్ 50 గ్రాములు వేసి, బాగా గిలకొట్టి అరగంట ఉంచండి. మంచినీళ్లయితే సీసా అంతా ఒకే తీరుగా మసకగా ఉంటుంది. ఉప్పునీళ్లయితే విరిగిన పాలలా ముక్కలు కట్టి కిందికి దిగి, పైన తేట తేలుతుంది. తేట తేలిందంటే ఆ నీళ్లతో బోరు మొదలుపెట్టనివ్వకూడదు.

సోడా యాష్ (సోడియం కార్బనేట్ పొడి) ఇంకాస్త వేస్తే సర్దుకుంటుందని చాలామంది మేస్త్రీల నమ్మకం. అది నీటిలో కాల్షియం వల్ల వచ్చే కఠినత్వాన్ని విరుస్తుంది తప్ప ఉప్పును తీసెయ్యదు. వెయ్యి లీటర్లకు అర కిలో నుంచి కిలో వరకు వేసి, పీహెచ్ 8.5 నుంచి 9.5 మధ్యకు తెచ్చుకుంటే చాలు. ముందు సోడా యాష్, తర్వాత బెంటోనైట్, ఆఖరున పాలిమర్ (మడ్ పనితీరు పెంచే రసాయనం). ఈ వరస తప్పితే బస్తాలు వృథా. చిక్కదనం మార్ష్ ఫన్నెల్‌తో చూడాలి. మంచినీళ్లు ఆ గరాటులోంచి 26 సెకన్లలో దిగుతాయి. బంకమట్టిలో బోరుకు 35 నుంచి 45 సెకన్లు, ఇసుకలో 50 నుంచి 60 సెకన్లు పట్టే మడ్ కావాలి. గరాటు, కొలత కప్పు, స్టాప్‌వాచ్, నీటిలో కరిగిన ఉప్పులు చూపే టీడీఎస్ మీటరు: ఈ నాలుగూ సైట్‌లో లేకుండా పని జరుగుతోందంటే మడ్ అందాజాగా కలుపుతున్నట్టే లెక్క.

ఆటుపోట్లు ఇంకో చిక్కు. పోటు సమయంలో గుంతల్లో నీరు పైకి ఊరుతుంది. బోరులోంచి తిరిగొచ్చిన మడ్ చేరేదీ ఆ గుంతలోకే. ఆ రెండూ కలిసిన దాన్ని వడకట్టి మళ్లీ ట్యాంకులోకి తోడితే, పొద్దున మంచినీళ్లతో కలిపిన మడ్ కూడా మధ్యాహ్నానికి చెడిపోతుంది. తీరంలో గుంతకు పలకలు కొట్టి, ఊట నీటిని విడిగా తోడెయ్యాలి. మడ్ తిరిగి వాడేముందు ప్రతిసారీ టీడీఎస్ చూడాలి. ఇసుక ఒక శాతం మించితే పంపు అరిగిపోతుంది, బోరు అడుగున మట్టి పేరుకుపోతుంది.

ఇక నేల. కాకినాడలో మెత్తటి సముద్రపు బంకమట్టి, దాని మధ్య ఇసుక పొరలు. విశాఖ, భీమిలి వైపు ఎర్రమట్టి, దాని కింద ఖొండలైట్ రాయి. ఒకే టెండరులో ఒకే రేటు, ఒకే రీమర్ రాస్తే రెండుచోట్లా పని చెడుతుంది. మెత్తటి బంకలో బరువైన రీమర్ తన బరువుకే కిందికి దిగుతుంది. పైలట్ బోరు ఒక లోతున ఉంటే పైపు ఇంకో లోతున పడుతుంది. రీమర్ చుట్టూ బంక ముద్దకట్టి, మడ్ బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. మిషన్ మీదున్న ఆపరేటర్‌కు దాని మొదటి గుర్తు ప్రెషర్ గేజిలో కనిపిస్తుంది. రెండో గుర్తు గుంతలో. తిరిగొచ్చే మడ్ సన్నబడి ఆగిపోతుంది. ఆగిన క్షణాన పంపు ఆపాలి. ఆపకపోతే ఆ ఒత్తిడికి భూమి చీలి, మడ్ ఎక్కడ దారి దొరికితే అక్కడ పైకొస్తుంది. రోడ్డు మధ్యలో, సైడు కాలువలో, ఒక్కోసారి ఇంటి సెప్టిక్ ట్యాంకు గొట్టంలోంచి కూడా.

ఇలా జరగడానికి ఎక్కువసార్లు తొందరే కారణం. దీనికి లెక్క ఉంది, దాచుకునేదేమీ కాదు. 300 మి.మీ. బోరులో మీటరుకు సుమారు 70 లీటర్ల మట్టి ఉంటుంది. దాన్ని మోసుకురావాలంటే బంకమట్టిలో కనీసం మూడు రెట్లు, అంటే మీటరుకు 210 లీటర్ల మడ్ కావాలి. పంపు నిమిషానికి 200 లీటర్లు ఇస్తుందనుకుంటే నిమిషానికి మీటరుకు మించి లాగకూడదు. మూడు మీటర్ల డ్రిల్లింగ్ రాడ్డుకు మూడు నిమిషాలు. సాయంత్రానికి బోరు ముగించాలన్న హడావుడిలో అదే రాడ్డును అర నిమిషంలో లాగేస్తే, బయటికి రావాల్సిన మట్టి లోపలే కుక్కుకుపోతుంది. రోడ్డు ఉబ్బుతుంది, లేదా పైపు ఇరుక్కుపోతుంది. ఇసుకలో అయితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. బోరు కూలి, సిమెంటు రోడ్డు కింద బోలు ఏర్పడుతుంది. పైన పలక ఉన్నంతకాలం ఎవరికీ తెలియదు. పెద్ద వాన పడ్డాక లారీ చక్రం దిగబడినప్పుడు తెలుస్తుంది. వార్డు సచివాలయంలోని ఎమినిటీస్ సెక్రటరీ ఫోన్‌లో టైమర్ పెట్టి రాడ్డుకు ఎంతసేపు పడుతోందో చూస్తే చాలు, పని తీరు సగం అర్థమవుతుంది.

లొకేటర్ రీడింగునూ కళ్లు మూసుకుని నమ్మకూడదు. డ్రిల్ హెడ్‌లోని సోండ్ పంపే సిగ్నల్‌ను పైన మనిషి పట్టుకున్న రిసీవర్ అందుకుని లోతు చెబుతుంది. ఉప్పు నానిన నేల ఆ సిగ్నల్‌ను మింగేస్తుంది. సిమెంటు రోడ్డులోని ఇనుము, పక్కన వెళ్లే కరెంటు కేబులు దాన్ని వంచేస్తాయి. సోండ్ ఆపేసి దారి పొడవునా ఒకసారి రిసీవర్‌తో నడిచి, అడ్డంకి ఎక్కడుందో ముందే గుర్తు పెట్టుకోవాలి. ఇలాంటి చోట తక్కువ ఫ్రీక్వెన్సీ వాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, పాత పైపు దాటే ప్రతిచోటా పారతో తవ్వి దాన్ని బయటపెట్టి, హెడ్ ఎంత దూరంలో వెళ్తోందో కళ్లతో చూడాలి. హెడ్ వెళ్లాక కూడా ఆ గుంత పూడ్చకూడదు. బోరు మధ్యగీతకు 300 మి.మీ. దూరంలో పాత పైపు ఉంటే, 300 మి.మీ. రీమర్ వచ్చేసరికి మిగిలేది 150 మి.మీ. మాత్రమే. రీమర్ కాస్త పక్కకు జరిగినా పాత పైపు పోయినట్టే.

పాత పైపుకు బీట పడితే అందరికీ వెంటనే తెలుస్తుందనుకోవడం పొరపాటు. మన ఊళ్లలో కుళాయి నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వస్తాయి. మిగతా సమయమంతా పైపు ఖాళీ. ఆ ఖాళీలోకి బీటగుండా పక్కనున్న మురుగు చేరుతుంది. మర్నాడు పొద్దున ఆ నీళ్లే బిందెల్లోకి వస్తాయి. బోరు వేసిన వీధిలో వారం పాటు రోజూ కుళాయి చివర క్లోరిన్ పరీక్ష చెయ్యడం తప్పనిసరి చేయాలి. గ్యాస్ పైపు సంగతి ఇంకా ప్రమాదకరం. అది తెలియకుండా మురుగు గొట్టంలోంచి దూసుకుపోతే, కొన్నేళ్లకు ఆ గొట్టం మూసుకుపోయినప్పుడు శుభ్రం చేసే మిషన్ గ్యాస్ పైపును కోసేస్తుంది. 1976లో అమెరికాలోని కెనోషాలో మురుగు గొట్టంగుండా వేసిన గ్యాస్ పైపు నుంచి గ్యాస్ ఇంట్లో చేరి పేలుడు జరిగింది, ఇద్దరు చనిపోయారు. ఉన్న మురుగు గొట్టాల్లో కెమెరా పంపి చూడకుండా గ్యాస్ పైపును బోరుతో వెయ్యనివ్వకూడదు.

పైపు అతుకు దగ్గర సముద్రపు గాలి శత్రువు. హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ పైపు రెండు కొసలనూ సుమారు 220 డిగ్రీల వేడి పలకకు ఆనించి, కరిగాక కలిపి నొక్కుతారు. ఆ కొన్ని సెకన్లలో గాలికి ఉప్పు, ఇసుక రేణువులు కరిగిన అంచు మీద పడితే బయటికి గుండ్రంగా అందంగా కనపడే అతుకు కూడా లోపల పట్టు లేకుండా ఉంటుంది. చుట్టూ టార్పాలిన్ కట్టాలి. పైపు అవతలి కొసకు మూత పెట్టాలి, లేకపోతే గాలి పైపులోంచే తోసుకొచ్చి పలకను చల్లారుస్తుంది. చల్లారేదాకా నొక్కి ఉంచాల్సిన సమయాన్ని తగ్గించడానికి నీళ్లు చల్లకూడదు. అతికిన పైపు మొత్తాన్ని లాగేముందు నేల మీదే ఒకసారి, లాగాక మరోసారి నీటి ఒత్తిడి పరీక్ష చెయ్యాలి.

లాగే బలానికీ హద్దుంది. 160 మి.మీ. పీఈ 100 రకం ప్లాస్టిక్ పైపు ఎస్‌డీఆర్ (పైపు వ్యాసాన్ని గోడ మందంతో భాగిస్తే వచ్చే అంకె) 11 అయితే ఆరున్నర టన్నుల వరకు తట్టుకుంటుంది. ఎస్‌డీఆర్ 17 అయితే నాలుగున్నర దగ్గరే ఆగాలి. మిషన్ మాత్రం ఇరవై టన్నులు లాగగలదు. పైపు సాగినా ఆపరేటర్‌కు తెలియదు కాబట్టి, హద్దు దాటితే తెగిపోయే లింకు ఒకటి, పైపు మెలితిరగకుండా స్వివెల్ ఒకటి మధ్యలో ఉండి తీరాలి. కేబుళ్ల కోసం వేసే ముడతల డీడబ్ల్యూసీ గొట్టాన్ని ఇలా లాగకూడదు, దానికి నున్నటి గట్టి గొట్టమే వాడాలి. లాగిన పైపును అదే రోజు కలిపెయ్యకూడదు. సాగినది వెనక్కి ముడుచుకోవాలి, వేడి దిగాలి. ఎండలో పడి ఉన్న 100 మీటర్ల పైపు భూమిలో 20 డిగ్రీలు చల్లబడితే 36 నుంచి 40 సెం.మీ. కుంచించుకుపోతుంది. అదనపు పొడవు వదిలి ఒక రోజు ఆగాలి. ఆగకుండా బిగించిన జాయింటే తర్వాత ఊడి కారుతుంది.

మిగిలిన బురద మాటేమిటి? 300 మి.మీ. బోరు వంద మీటర్లకు సుమారు 21 వేల లీటర్ల మడ్ తిరిగొస్తుంది. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు నిండి ఇంకా మిగులుతుంది. రాత్రి పూట సైడు కాలువలోకి వదిలేస్తే అడుగున పేరుకుని గట్టిపడుతుంది. ఈ ఊళ్లలో కాలువల వాలు అసలే తక్కువ. బిల్లులో బురద తరలింపు పద్దు ఉంటే ట్యాంకర్ ట్రిప్ షీట్లు కూడా ఉండాలి.

కేబుల్ భూమిలో పెట్టినంత మాత్రాన తుపానును గెలిచినట్టు కాదు. డక్టు (కేబుల్ వెళ్లే గొట్టం) రెండు కొసలూ మూసెయ్యకపోతే ఉప్పునీరు అందులోంచి నేరుగా ప్యానెల్‌లోకి వస్తుంది. ఆర్‌ఎంయూ (కేబుళ్లను కలిపే స్విచ్చుల పెట్టె) దిమ్మను ఆ వీధిలో గతంలో వరద నిలిచిన మట్టం కంటే ఎత్తున కట్టాలి.

మున్సిపల్ కమిషనర్లకు, విద్యుత్ సంస్థ ఇంజినీర్లకు మా విజ్ఞప్తి ఇది. రాడ్డు రాడ్డుకూ లోతు రాసిన పైలట్ లాగ్, మడ్ చిక్కదనం, టీడీఎస్ రీడింగులు, లాగిన బలం, రెండు పరీక్షల ఫలితాలు, ట్రిప్ షీట్లు పని కొలతలు రాసే ఎం-బుక్‌కు జతచేస్తేనే బిల్లు పాస్ చెయ్యండి. బోరుకు ముందు, 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన కాల్ బిఫోర్ యు డిగ్ యాప్‌లో సమాచారం ఇచ్చిన రుజువు అడగండి. పైలట్ లాగ్‌లోని లోతులను అదే వారం పట్టణ మ్యాపులోకి ఎక్కించండి. రేపు అదే వీధిలో ఇంకో సంస్థ బోరు వేయడానికి వస్తే, వాళ్లకు ఇవ్వాల్సిన మొదటి కాగితం అదే.

— భూగర్భ పైపులైన్ల పనుల్లో ఉన్న కొందరు ఇంజినీర్లు, కాకినాడ