బాల్టిమోర్ నుంచి శీనుకి

ఒరేయ్ శీనూ,

రూము అద్దె కట్టలేక నీ దగ్గరున్న జూనియర్ లాయరు ప్రాక్టీసు మానేసి ఊరెళ్లిపోయాడని రాశావు చూడు, అది చదివినప్పటి నుంచీ మనసేం బాగోలేదురా. శనివారాలు ఇక్కడ నేను చదువు చెప్పే నల్లజాతి కుర్రాళ్లదీ ఇంచుమించు ఇదే బాధ. లాయర్ కావాలని ఉంటుంది. ఎటు నుంచి మొదలుపెట్టాలో చెప్పే మనిషి ఇంట్లో ఉండడు.

అమెరికా సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి జడ్జి అయిన థర్‌గుడ్ మార్షల్ ఈ ఊరివాడే. మేరీలాండ్ యూనివర్సిటీ లా స్కూలు ఇక్కడే ఉన్నా, నల్లవాళ్లని చేర్చుకునేది కాదు. అందుకని రోజూ రైలెక్కి వాషింగ్టన్ వెళ్లి, నల్లజాతి వాళ్లు చదువుకునే హోవర్డ్ యూనివర్సిటీలో లా చదివాడు. ఫీజు కోసం వాళ్లమ్మ పెళ్లి ఉంగరం తాకట్టు పెట్టింది. నగలు తాకట్టు పెట్టి చదివించిన అమ్మలు మన వీధిలోనే ఎంతమంది లేరు!

అక్కడ అతనికి దొరికిన గురువు చార్ల్స్ హ్యూస్టన్. నాకైతే శిష్యుడి కన్నా ఈయనంటేనే ఎక్కువ గౌరవం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆఫీసరుగా ఉండి, సొంత సైన్యంలోనే అవమానాలు పడి, తిరిగొచ్చి హార్వర్డ్‌లో లా చదివాడు. హోవర్డ్ లా స్కూలు చేతికొచ్చాక, సాయంత్రం క్లాసులు నడిచే ఆ కాలేజీని పూర్తికాలం కాలేజీగా మార్చి, 1931లో అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు తెచ్చాడు. నల్ల లాయర్లని దగ్గరికి రానివ్వని అసోసియేషన్ చేతే ఆ ముద్ర వేయించాడు! మార్షల్ 1933లో క్లాసు ఫస్టు. 1935లో గురుశిష్యులిద్దరూ డొనాల్డ్ మరే అనే నల్లజాతి కుర్రాడి తరఫున వాదించి, అదే మేరీలాండ్ లా స్కూల్లో అతన్ని చేర్పించారు. 1936లో పైకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది.

ఇప్పుడు చట్టం అడ్డులేదు. అయినా అమెరికా జనాభాలో 13 శాతం దాకా ఉన్న నల్లవాళ్లు లాయర్లలో 5 శాతమే. లా స్కూళ్లలో నల్లజాతి అమ్మాయిల కంటే అబ్బాయిలు బాగా తక్కువ. నాలుగేళ్ల డిగ్రీ, ఎల్‌శాట్ అనే లా ప్రవేశ పరీక్ష, మూడేళ్ల లా, ఆపైన లాయర్ లైసెన్సుకి బార్ పరీక్ష, చాలామందికి అప్పుల మీదే. అది పాసైనా నడవడిక విచారణ ఒకటుంది. ఆ ఫారాల్లో చాలాచోట్ల పాత అరెస్టుల సంగతి కూడా అడుగుతారు. మొన్నొక పదిహేడేళ్లవాడు అందరూ వెళ్లేదాకా ఆగి, "పోయినేడు పోలీసులు నన్ను పట్టుకుని వదిలేశారు, ఇక లాయర్ కానివ్వరు కదా?" అన్నాడు. అరెస్టయినంత మాత్రాన దారి మూసుకుపోదు, దాచిపెడితేనే ముప్పు అని చెప్పాను. భుజాలు దించి ఊపిరి పీల్చుకున్నాడు. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేక ఎందరు ముందే ఆశ వదులుకున్నారో అనుకుంటే కోపం వస్తుందిరా.

స్కాలర్‌షిప్పులు కావాలి, కాదనను. కానీ లా స్కూలుకొచ్చాక ఇచ్చేవి చాలవు. హైస్కూల్లో ఉండగానే వేసవిలో లాయర్ ఆఫీసుల్లో జీతమిచ్చి పనిలో పెట్టుకోవాలి. ఊరికే చేయమంటే అయ్య దగ్గర డబ్బున్నవాడే వస్తాడు. లా నేస్తం కింద ఆంధ్రాలో జూనియర్లకి నెలకి ఇచ్చిన 5000 చిన్న మొత్తమే అయినా, ఆలోచన సరైనదే అని అందుకే అంటాను.

నాదొక కోరిక. ఇంట్లో ఒక్క లాయరూ లేకుండా నువ్వు బార్‌లో ఎలా నిలదొక్కుకున్నావో ఈ పిల్లలకి వీడియోలో చెప్తావా? మొదటి కేసు ఎలా దొరికింది, ఫీజు ఎంతిచ్చారు, సీనియర్ తిట్టినప్పుడు ఏం చేశావు, అన్నీ చెప్పు. మాకు శనివారం ఉదయం పది అంటే నీకు రాత్రి ఏడున్నర. కోర్టు పని ఉండదు కాబట్టి కుదురుతుందనుకుంటా. ఏ వారమో రాయి.

నీ
రాఘవ