బరువు తక్కువ పిల్లల పళ్లను కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో బిడ్డ పుడితే పాలు తాగుతోందా, బరువు పెరిగిందా, టీకాలు వేయించారా అని అందరూ అడుగుతారు. మా పాప నెలలు నిండకుండా పుట్టింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో కళ్ల పరీక్ష, వినికిడి పరీక్ష ఎప్పుడు చేయించాలో రాశారు. పళ్ల ఊసే లేదు.

పాలపళ్లు ఆరో నెల దాటాక బయటికి వచ్చినా, అవి గట్టిపడడం మొదలయ్యేది తల్లి కడుపులో, నాలుగో నెల ప్రాంతంలోనే. బిడ్డకు కావాల్సిన కాల్షియం, ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం చివరి 3 నెలల్లో అందుతుంది. 37 వారాల లోపు పుట్టిన పిల్లలకు ఆ కాలం తగ్గిపోతుంది. అందుకే వీళ్లలో ఎనామిల్, అంటే పంటి మీది గట్టి పైపొర, పల్చగా ఉండడం, గుంటలు పడడం, మచ్చలు రావడం ఎక్కువ. ఊపిరి కోసం నోట్లో గొట్టం వేస్తే ఆ ఒత్తిడికి కూడా ముందుపళ్ల ఎనామిల్ దెబ్బతినవచ్చు.

ఇలాంటి పళ్లన్నీ పుచ్చిపోతాయని కాదు. పుట్టినప్పటి బరువుకీ పుచ్చుకీ సంబంధం ఉందని కొన్ని పరిశోధనల్లో తేలింది, కొన్నింట్లో తేలలేదు. ఎనామిల్ బలహీనంగా ఉన్నా, మాటిమాటికీ తీపి తగలకపోతే పంటిని కాపాడుకోవచ్చు. చిక్కంతా ఇక్కడే ఉంది. బిడ్డ బరువు పెరగాలన్న టెన్షన్‌లో పాలల్లో చక్కెర కలుపుతాం, సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చుతాం, తియ్యటి సిరప్‌లు పట్టిస్తాం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి ఆ తీపి పళ్లను అంటిపెట్టుకునే ఉంటుంది. బరువు పెంచమని చెప్పేవాళ్లే ఈ మాట కూడా చెబితే తల్లులు జాగ్రత్తపడరా? పళ్లు పాడయ్యాక "కడుపుతో ఉన్నప్పుడు నువ్వు సరిగ్గా తినలేదు, అందుకే ఇలా" అని తల్లిని అనడం అన్యాయం. నెలలు నిండకుండా కాన్పు రావడానికి కారణాలు ఎన్నో. చాలాసార్లు అసలు కారణమే దొరకదు.

పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా అనేవాళ్లకు ఒక మాట. పంటి నొప్పి ఉన్న బిడ్డ సరిగ్గా నమలదు, నిద్రపోదు. అప్పుడు మనం అంత కష్టపడి పెంచాలనుకున్న బరువే దెబ్బతింటుంది.

ఆరోగ్య శాఖ అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చు లేని పని. టీకాకు వచ్చిన రోజే బిడ్డ పెదవి ఎత్తి చూడండి. తెల్ల మచ్చలో గుంటలో కనిపిస్తే పళ్ల డాక్టరు దగ్గరికి పంపండి, అవసరమైతే ఫ్లోరైడ్ పూత వేయించండి. బరువు తక్కువగా పుట్టిన పిల్లల కార్డులో మొదటి పుట్టినరోజు లోపు దంత పరీక్ష జరగాలని రాయండి. మొదటి పన్ను కనిపించగానే బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు 2 సార్లు తోమాలని కూడా ఆ కార్డు మీదే అచ్చు వేయించండి.

– ఒక పాఠకురాలు