ప్యాకెట్టు అదే, లోపలి వైరు వేరు

జూన్, జూలై నెలల్లో బెజవాడ ఆటోనగర్‌లోని మా షాపు కౌంటర్‌లో, ఫోనుని కారు స్టీరియోకి కలిపే 350 రూపాయల నల్ల అల్లిక కేబుల్ కొన్నవాళ్లకు ముందు అసలు మాట చెప్పేస్తాను. ఆ లాటు, అంటే ఆ విడతలో వచ్చిన సరుకు, బాగాలేదు. ఫోను ఛార్జ్ అవుతుంది గానీ స్టీరియోలో ఆండ్రాయిడ్ ఆటో (ఫోనులోని మ్యాపు, పాటలు స్టీరియో తెర మీద చూపించేది) నిలబడదు. తప్పు మీ కారుదీ కాదు, ఫోనుదీ కాదు. పట్టుకొస్తే మార్చి ఇస్తాం. బిల్లు పారేసినా పర్లేదు, మనం అమ్మిన కేబుల్‌ని నేను గుర్తుపట్టలేనా!

ఇంట్లోనే తేల్చుకోవాలంటే టైప్-సీ పిన్ను వెనక మెడ చూడండి. పాత లాటుకి, అంటే అంతకుముందు అమ్మిన మంచివాటికి, అక్కడ వంగే బూడిదరంగు రబ్బరు ఉంటుంది. ఈ కొత్త లాటుకి అదే రంగులో గట్టి ప్లాస్టిక్. కాటా మీద పెడితే పాతది 31 గ్రాములు, కొత్తది 25. గొడవంతా ఆ ఆరు గ్రాముల దగ్గరే ఉంది.

రెండిట్లోంచీ ఒక్కోదాన్ని నిలువునా కోసి చూశాం. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు వైర్లుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకి; తెలుపు, ఆకుపచ్చ డేటాకి. పాత లాటులో ఎరుపు, నలుపు 24 గేజ్ (గేజ్ అంటే వైరు మందం, అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం). తెలుపూ ఆకుపచ్చా ఒకదానికొకటి మెలేసి, చుట్టూ వెండిరంగు రేకు, ఆ పైన సన్నటి తీగల జల్లెడ. కొత్తదాంట్లో నాలుగూ వెంట్రుకల్లాంటి 28 గేజ్ వైర్లే. మెలి లేదు, రేకు లేదు, జల్లెడ లేదు. లావు కనబడాలని కాబోలు మధ్యలో నూలు దారాలు కుక్కారు. పైన పటారం, లోన లొటారం.

సన్న వైరుతో ఏం పోతుందో లెక్క చెబుతాను. 28 గేజ్ రాగి తీగ నిరోధం మీటరుకి సుమారు 0.21 ఓమ్, 24 గేజ్‌ది 0.08. కరెంటు ఎర్ర వైరులో వెళ్లి నల్ల వైరులో తిరిగి రావాలి కాబట్టి రెట్టింపు వేసుకోండి. ఫోను ఒక ఆంపియర్ లాగుతుంటే మీటరు పొడవుకి పాత కేబుల్‌లో దారిలో పోయేది 0.17 వోల్టు, కొత్తదాంట్లో 0.43. పిన్నుల దగ్గర పోయేది కూడా కలిస్తే, 5 వోల్టులకు ఆ చివర పాతది 4.78, కొత్తది 4.5 చూపించింది. ఛార్జింగ్‌కి ఇది చాలు, కాస్త నెమ్మదిగా ఎక్కుతుందంతే. కానీ డేటా సిగ్నల్ ఎత్తు అర వోల్టు కూడా ఉండదు. నల్ల వైరు దానికి పునాది. ఆ పునాదే 0.2 వోల్టు పైకి లేచి కూర్చుంటే, పైగా మెలీ రేకూ లేక ఇంజిన్ నుంచి వచ్చే కరెంటు రొద అంతా తెల్ల, ఆకుపచ్చ వైర్ల మీద పడుతుంటే స్టీరియోకి సగం మాటలు అందవు. అందకపోతే లింకు తెంచి మళ్లీ మొదటి నుంచి పలకరిస్తుంది. మీకు మాత్రం మ్యాప్ నడుస్తూ నడుస్తూ మాయమై రేడియో పాట మొదలవుతుంది.

అందుకే ఈ లాటు తప్పుకి ఒక వింత లక్షణం ఉంది. బ్యాటరీ 20 శాతం దగ్గరుంటే ఫోను ఎక్కువ కరెంటు లాగుతుంది, లింకు తెగుతుంది. 90 దాటితే లాగుడు తగ్గుతుంది, బుద్ధిగా పనిచేస్తుంది. కౌంటర్ దగ్గర నిండు ఛార్జింగ్ ఫోనుతో చూపించినప్పుడు బాగుండి, గుంటూరు దాటేలోగా మొరాయించడానికి కారణం అదే. అది మేం ముందే పట్టుకోవాల్సింది. మేము చూసింది ఛార్జ్ అవుతోందా, ఆండ్రాయిడ్ ఆటో వచ్చిందా అన్నంతవరకే. అర నిమిషం పరీక్ష. అది నా తప్పే.

ఇక సరఫరాదారు సంగతి. పేరు రాయను, రాసి ఒరిగేదీ లేదు. నాలుగేళ్లుగా ఒకే సరుకు తెప్పించాం. ఆర్డర్ కాగితంలో ప్రతిసారీ రాస్తాం: పవర్ వైర్లు 24 గేజ్, డేటా జత మెలి, రేకు తప్పనిసరి. ఈసారి కూడా రాశాం. వచ్చిన పెట్టె అదే, ప్యాకెట్టు అదే, దాని మీద అచ్చు వేసిన '24 గేజ్' కూడా అదే. 200 కేబుళ్లలో 61 మిగిలాయి, మిగతావి మీ కార్లలో ఉన్నాయి. కోసిన కేబుల్ ఫొటో పంపితే మొదటి రోజు జవాబే లేదు. రెండో రోజు 'ఛార్జ్ అవుతోంది కదండీ' అన్నారు. మూడో రోజు రాగి రేటు పెరిగిందన్నారు. పెరిగితే పెరిగింది, చెప్పండి, 30 రూపాయలు ఎక్కువ తీసుకోండి, నేను 400కి అమ్ముకుంటాను. చెప్పకుండా వైరు సన్నం చేసి, పైన మాత్రం పాత అచ్చే కొట్టి పంపడాన్ని ఏమంటారు? చివరికి 'మీ కస్టమర్లలో ఎవరైనా గట్టిగా అడిగితే వాళ్లకి మాత్రం మార్చండి, సగం మేం భరిస్తాం' అన్నారు. ఆ మాటకి నాకు కలిగిన కోపం ఇంకా తగ్గలేదు. గట్టిగా అడగనివాళ్లు ఎవరు? ఏళ్ల తరబడి నమ్మి వస్తున్నవాళ్లే కదా. వాళ్లు కేబుల్‌ని అనుమానించరు, కారునే అనుమానిస్తారు.

అలాగే జరిగింది కూడా. మన పాత కస్టమర్ ఒకరికి సర్వీస్ సెంటర్‌లో స్టీరియో మొత్తం మార్చాలని చెప్పారు. ఆయన ఒప్పుకునేముందు ఒక్కసారి మా దగ్గరికి వచ్చారు కాబట్టి సరిపోయింది. పాత లాటు కేబుల్ పెట్టగానే లింకు నిలబడింది. వేరే ఒకరు 'వీళ్ల కేబుల్ వల్ల స్టీరియో కాలిపోయింది' అని నలుగురికీ చెబుతున్నారట. కాలదండీ. నిరోధం ఎక్కువైతే ఫోనుకి కరెంటు తగ్గుతుందే గాని స్టీరియో కాలదు. లోపం మాదే, ఒప్పుకున్నాను. లేని లోపం మాత్రం ఒప్పుకోను.

అడిగినవాళ్లకే మార్చాలా, అందరికీ మార్చాలా అన్నది రెండు రాత్రులు నలిగిన విషయం. 139 కేబుళ్లు, మా కొనుగోలు ధర ప్రకారం చూసినా చిన్న షాపుకి చిన్న మొత్తం కాదు. ఇంట్లో కూడా అన్నారు, వచ్చినవాళ్లకి చూసుకుందాం అని. చివరికి అందరికీ అని తేల్చాను. ఫోన్ నంబర్ ఇచ్చినవాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాం. ఇవ్వనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మారుస్తున్నది మిగిలిన పాత లాటుతో, అది అయిపోతే మరోచోట తెప్పించిన 24 గేజ్ కేబుల్‌తో. ఇకమీదట ప్రతి పెట్టెలోంచీ రెండు కేబుళ్లు కోసి చూశాకే మిగతావి కౌంటర్ ఎక్కుతాయి. ప్యాకెట్టు మీది అచ్చుని ఇక నమ్మను.

పనిలో పనిగా ఇంకో నిర్ణయం. రెండు మీటర్ల కేబుల్ ఇక అమ్మను. వెనక సీట్లోకి అందాలని అడుగుతారు, తెలుసు. ఛార్జింగ్‌కి కావాలంటే ఇంకెక్కడైనా తీసుకోండి. స్టీరియోకి కలిపే కేబుల్ మీటరు దాటకూడదని ఆండ్రాయిడ్ ఆటో చేసిన గూగుల్‌వాళ్లే చెబుతున్నారు. పొడిగింపు వైరు, మధ్యలో హబ్బు (ఒక పోర్టుని నాలుగు చేసే పెట్టె), టైప్-సీకి చిన్న అడాప్టర్ ముక్క, ఇవన్నీ లూజ్ కాంటాక్ట్‌కి పిలుపులే. మొండివాడినంటారా, అనండి.

ఇప్పుడు రెండో సంగతి. లింకు తెగినవాళ్లందరికీ కారణం మా కేబులే అనుకోవద్దు. బెజవాడ ట్రాఫిక్‌లో ఆటోనగర్ దాకా వచ్చేముందు ఇంటి దగ్గరే కొన్ని చూసుకోండి.

మొదట ఫోను ఛార్జింగ్ రంధ్రం. జేబులోని నూలు పీచు లోపల చేరి గట్టిపడి చాప ముక్కలా అతుక్కుంటుంది. పిన్ను పూర్తిగా దిగదు. కరెంటు అందుతుంది, డేటా పిన్నులు మాత్రం అంటీ అంటనట్టుంటాయి. ఫోను ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా అంచుల వెంట గీకండి. సూది, పిన్నీసు వద్దు. టైప్-సీ అయితే మధ్యలో పలచటి నాలుక ఉంటుంది, అది వంగితే ఫోను రిపేరు షాపుకే. శుభ్రం చేశాక పిన్ను 'టక్'మని దిగితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

తర్వాత కారులో ఏ పోర్టు అన్నది. చాలా కార్లలో స్టీరియోకి కలిసేది ముందరి పోర్టుల్లో ఒక్కటే. వెనక సీటువీ, ఫాస్ట్ ఛార్జింగ్ అని ఉన్నవీ ఎక్కువగా ఛార్జింగ్‌కే. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఛార్జర్‌కి స్టీరియోతో ఏ సంబంధమూ ఉండదు. నమ్మరు గానీ వారానికి ఒకరైనా అందులో గుచ్చి 'రావట్లేదండీ' అంటారు.

కేబులూ పోర్టూ సరేనంటే అప్పుడు ఫోను సెట్టింగులు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఆండ్రాయిడ్ ఆటో ఫోనులోనే కలిసి వస్తుంది, విడిగా ఐకాన్ కనబడదు. సెట్టింగ్స్ పైన వెతుకుడు పెట్టెలో పేరు కొట్టండి. లోపల కనెక్ట్ చేసిన కార్ల జాబితాలో మీ కారుని తీసేయండి. స్టీరియో జాబితాలోంచి ఫోనునీ తీసేయండి. ఒకవైపు తీసి రెండోవైపు వదిలేస్తే పాత తాళం, కొత్త తాళంచెవి అవుతుంది. బ్లూటూత్‌లో ఉన్న పాత జతని కూడా రెండువైపులా తీయాలి. ఫోను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. స్టీరియోకి పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కిపట్టుకుంటే చాలా మోడళ్లలో అది తిరిగి మొదలవుతుంది.  సెట్టింగులన్నీ చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ ఇది కాదు, దాని జోలికి ఇప్పుడే పోవద్దు. మళ్లీ కలిపేటప్పుడు ఫోను లాక్ తీసి ఉంచాలి, అది అడిగే అనుమతులన్నిటికీ సరే అనాలి. తొందరలో ఒకటి వద్దంటే తర్వాత అడగకపోవచ్చు.

షావోమీ, రియల్‌మీ, వివో, ఒప్పో ఫోన్లవాళ్లు ఇంకోటి చూడాలి. బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచేవాటిని ఫోనే పీక నొక్కేస్తుంది. ఆండ్రాయిడ్ ఆటోకి, మ్యాప్స్‌కి బ్యాటరీ దగ్గర 'ఆంక్షలు లేవు' అని పెట్టండి.

ఐఫోన్‌కి దారి వేరు, అందులో ఆండ్రాయిడ్ ఆటో బదులు కార్‌ప్లే ఉంటుంది. సెట్టింగ్స్, జనరల్, కార్‌ప్లే, అక్కడ కారుని మర్చిపొమ్మని చెప్పి మళ్లీ కలపండి. సిరి ఆఫ్‌లో ఉంటే కార్‌ప్లే రాదు. పిల్లల కోసం స్క్రీన్ టైమ్ పెట్టుకున్నవాళ్లు అనుమతించిన యాప్‌ల జాబితాలో కార్‌ప్లే ఉందేమో చూడండి. ఫోను లాక్‌లో ఉన్నప్పుడే తెగుతోందంటే, సెట్టింగ్స్‌లో యాక్సెసరీల దగ్గర లాక్‌లో కూడా అనుమతించండి.

వైరు లేకుండా నడిపేవాళ్లకి: బ్లూటూత్ పలకరింపు వరకే, ఆ తర్వాత పనంతా 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద. అందుకే బ్లూటూత్ ఉన్నా వైఫై ఆపేసి ఉంటే రాదు. వీపీఎన్ (నెట్‌ని వేరే దారిలో మళ్లించే యాప్) వేసి ఉంటే ఒకసారి ఆపి చూడండి. కారు బ్యాటరీ మార్చాక ఆగిపోయిందా? స్టీరియో గడియారం, తేదీ చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి పోతే ఫోనూ స్టీరియో ఒకరి గుర్తింపు ఒకరు ఒప్పుకోవు. దీన్ని చాలామంది చూడరు. ఎండాకాలం ఫోనుని వైర్‌లెస్ ఛార్జింగ్ పళ్లెం మీద పెట్టి నడిపితే వేడికి ఫోనే వెనక్కి తగ్గుతుంది. పళ్లెం మీంచి తీసి ఏసీ గాలి తగిలేచోట పెట్టి చూడండి.

వైరుతో వచ్చే ఆండ్రాయిడ్ ఆటోని వైరు లేకుండా నడిపించే వైర్‌లెస్ అడాప్టర్ పెట్టెలు మాత్రం ఇకనుంచి మీ కారులో అరగంట నడిపి చూశాకే బిల్లు. వైరుతో ఆండ్రాయిడ్ ఆటో వచ్చే కారుకే అవి పనికొస్తాయి, లేనిదాన్ని తెచ్చిపెట్టవు. పాత డేటా పోర్టులు కొన్ని అర ఆంపియర్‌కి మించి ఇవ్వవు. అడాప్టర్ అంతకన్నా లాగితే మాటిమాటికీ ఆగి మొదలవుతుంది. అలా అయితే అమ్మం, పోర్టు బాగోలేదనే చెబుతాం.

మార్చుకోవడానికి వచ్చేవాళ్లు ఫోను బ్యాటరీ 30 శాతం లోపు ఉండగా రండి, ఆ స్థితిలోనే పరీక్షించి ఇస్తాం. ఐఫోన్ 14 వరకు ఉన్నవాళ్లకి కావలసిన లైట్నింగ్ కేబుల్ ప్రస్తుతం లేదు. వచ్చిన నమూనా కోస్తే అందులోనూ రేకు లేదు, పెట్టె తిప్పి పంపేశాను. దాని కోసం ఇప్పుడే రావద్దు.