నాకు తెలియకుండానే నేను సేఫ్టీ కమిటీ మెంబర్‌ని: మంత్రి గారికి ఓ బహిరంగ లేఖ

కార్మిక, ఫ్యాక్టరీల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను విశాఖ దగ్గర పరవాడ వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీలో రియాక్టర్ (రసాయనాలు కలిపి చర్య జరిపే పెద్ద పాత్ర) ఆపరేటర్‌ని. పదకొండేళ్లుగా షిఫ్టులు చేస్తున్నాను. అందులో రెండేళ్లు సేఫ్టీ కమిటీ సభ్యుణ్ణి కూడా. కాకపోతే ఆ సంగతి నాకు తెలిసింది ఏడో నెలలో, ఆడిట్ వస్తోందని పాత మీటింగుల మినిట్స్ (ఎవరేం మాట్లాడారో రాసే రికార్డు) తెచ్చి సంతకం పెట్టమన్నప్పుడు. అందులో వెంటిలేషన్ గురించి నేను చాలా బాగా మాట్లాడానని రాసుంది!

మొదట్లో మేం దీన్ని జోక్‌గానే చెప్పుకునేవాళ్లం. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా ఫ్యాక్టరీలో సాల్వెంట్ (తేలిగ్గా అంటుకునే ద్రావకం) లీకై, పేలుడు జరిగి 17 మంది పోయాక ఆ జోక్ ఎవరూ ఎత్తడం లేదు. ఏడాది తిరక్కుండానే, 2025 జూన్ 30న, అటు తెలంగాణలో పాశమైలారం. అక్కడ పోయినవాళ్లు 40 మందికి పైనే. ప్రతిసారీ నాయకులొస్తారు, పరిహారం ప్రకటిస్తారు, విచారణ కమిటీ వేస్తారు. అదంతా జరిగిపోయాక కదా సార్. ఏ ఫ్లాంజి (పైపుల అతుకు) దగ్గర గాస్కెట్ (లీకు ఆపే వాషర్ లాంటిది) అరిగిందో, ఏ పంపు సీలు దగ్గర వాసన కొడుతోందో, ఊరికే మోగుతోందని ఏ అలారాన్ని బైపాస్ చేసి ఉంచారో, ఇవన్నీ ముందే తెలిసేది ఆ షిఫ్టులో నిలబడ్డవాడికి, వాణ్ణేమో ఎవరూ అడగరు.

నా అనుభవమే చెబుతాను. ఒక రాత్రి రియాక్టర్ కింద వాల్వ్ దగ్గర సాల్వెంట్ వాసన వస్తోందని మొదట పసిగట్టింది ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కుర్రాడు. నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదం) ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, అతనికి రాదు, పైగా కాంట్రాక్టు వాళ్ల చేత రాయించే అలవాటే లేదు. నేను రాసిచ్చాను. షిఫ్ట్ ఇన్‌చార్జ్ చెడ్డవాడేం కాదు, కానీ "ఈ నెల నియర్ మిస్‌ల నంబర్ పెరిగితే పైవాళ్లు నన్ను పీక్కుతింటారు, నోటితో చెప్పు చాలు తమ్ముడూ" అన్నాడు. చెప్పాను. గాస్కెట్ మారింది పంతొమ్మిది రోజుల తర్వాత. ఆ పంతొమ్మిది రోజులూ నేను ఇంట్లో ఏమీ చెప్పలేదు.

చట్టం లేక కాదు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41-జి అనే సెక్షన్ పెట్టారు. ప్రమాదకరమైన ఫ్యాక్టరీల్లో సేఫ్టీ కమిటీ ఉండాలి, అందులో యాజమాన్యం వాళ్లు ఎందరో కార్మికుల వాళ్లూ అందరు ఉండాలని ఆ సెక్షన్ చెప్పేది. ప్రాణాపాయం ఉందనిపిస్తే యాజమాన్యంతో పాటు నేరుగా ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పొచ్చని 41-హెచ్ సెక్షన్‌లో ఉండేది. మా షిఫ్టులో ఎవరికీ ఈ సెక్షన్ల పేరే తెలియదు, నాకూ ఈమధ్యే తెలిసింది.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ (వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల చట్టం) వచ్చింది. కమిటీలో కార్మికుల సంఖ్య యాజమాన్యం వాళ్ల కన్నా తగ్గకూడదని అందులోనూ ఉంది, కానీ వాళ్లను ఎలా ఎంచుకోవాలన్నది ప్రభుత్వం రాసే నియమాలకు వదిలేశారు. అంటే బంతి మీ చేతిలోనే ఉంది. మా ప్రతినిధిని మేమే, చీటీల మీద ఓటేసి ఎన్నుకునేలా రాయండి. కాంట్రాక్టు వాళ్లకూ ఓటు, సీటు ఇవ్వండి, ఎందుకంటే డ్రమ్ములు దొర్లించేదీ, ట్యాంకు కడిగేదీ వాళ్లే. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఓ అరగంట మేనేజర్ పక్కన లేకుండా మాతో మాట్లాడాలని కూడా రాయండి. ఎవరు చెప్పారో బయటికి రాకూడదు, అది మరీ ముఖ్యం.

మార్చి 4న మా దగ్గర భద్రతా దినోత్సవం బాగానే చేస్తారు. బ్యానర్, ప్రతిజ్ఞ, నినాదాల పోటీ. నాకొకసారి స్టీలు టిఫిన్ బాక్సు వచ్చింది, ఇప్పటికీ వాడుతున్నా. మీరు మాత్రం ఆ రోజు రాకండి. ఏదో ఒక మామూలు రోజు, ముందు చెప్పకుండా, నైట్ షిఫ్టులో రెండు గంటలప్పుడు రండి. ఆ వాల్వ్ నేనే చూపిస్తాను.

ఇట్లు,
పరవాడ నుంచి ఒక ఆపరేటర్